రూతు మామ్మగారి ఆయ్

అసలు అందులో నవ్వడానికేముంది? పొద్దున్నే ఫోన్ తీస్తే ఎవడో "ఆయ్, ఆయ్" అంటూ గోదావరి వాళ్లని వెక్కిరిస్తూ రీల్ పెట్టాడు. కామెంట్లో నాలుగు తిట్టాక, నా ఏడో ఏట జరిగిందొకటి గుర్తొచ్చింది.

మాది హైదరాబాద్. పరీక్షలవ్వగానే అమలాపురంలో అమ్మమ్మగారింటికెళ్లాం. మర్నాడే ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం. పాతపేట చర్చి దగ్గర ఆడవాళ్లంతా చాపలేసుకుని, ఊరేగింపు కోసం లేత కొబ్బరాకులు చీల్చి సిలువలు అల్లుతున్నారు. చుట్టూ పచ్చి ఆకు వాసన. అందరికన్నా పెద్దావిడ రూతు మామ్మగారు. ఆవిడనే అడిగా.

"రేపు ఇవన్నీ నేను పంచనా?"

ఆవిడ తలెత్తకుండా "ఆయ్" అన్నారు.

మా ఇంట్లో అమ్మ "ఆయ్!" అందంటే చెయ్యి తియ్యమని అర్థం. గోడ వెనక్కెళ్లి వెక్కి వెక్కి ఏడ్చా. కాసేపటికి ఆవిడే వెతుక్కుంటూ వచ్చేరు.

"పంచుతానని చెప్పి ఇక్కడ దాక్కున్నారేంటండీ?"

"మీరేగా కసిరారు!" అని అరిచా.

"కసరడమేంటండీ బాబూ! సరేనన్నాను కదా!"

"ఈ హైదరాబాద్ పిల్లకి ముందు తెలుగు నేర్పండే!" అని చాపల మీంచి ఎవరో అన్నారు. అంతా ఘొల్లుమన్నారు. మామ్మగారు మాత్రం నవ్వకుండా సిలువల బుట్ట నా చేతికిచ్చేరు. మర్నాడు పేటలో ఇల్లిల్లూ తిరిగి నేనే పంచా.

ఆయ్ అనేది అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చెప్పే మాటని చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. ఎనభై ఏళ్లావిడ ఏడేళ్లదానికి చెప్పేరు. పిల్లలడిగితే అంత మర్యాదగా ఒప్పుకునే పెద్దవాళ్లని మన సిటీలో ఒక్కరిని చూపించగలరా?