ఎల్వేజియో ఈల

మా లోయలో ఎల్వేజియో గురించి ఎవరినడిగినా మొదట అతని ఈల గురించే చెబుతారు. ముప్పై నాలుగేళ్ళు, ఉత్తరాలూ మనుషులూ కలిసి వెళ్ళే పసుపుపచ్చ తపాలా బస్సు నడిపాడు. కింద స్టేషన్ నుంచి పైన చివరి ఊరి చర్చి దాకా రోజుకు నాలుగు ట్రిప్పులు. మలుపు వచ్చిందంటే ముందు మూడు స్వరాల హారన్, వెంటనే అతని ఈల. దానికి పాటా లేదు, తాళమూ లేదు. అయినా ఆ ఈల వింటే లోయ వైపు సీట్లో కూర్చున్నవాళ్ళకు కూడా ప్రాణం కుదుటపడేది. "వీడికి భయమన్నది దేవుడు పెట్టలేదు" అనుకునేవాళ్ళం. రొట్టెల బుట్టతో వారానికి రెండుసార్లు ఆ బస్సెక్కే నేనూ అలాగే అనుకున్నాను.

అలాంటి మనిషి ఏడేళ్ళ కిందట, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే, ఒక మంగళవారం మధ్యాహ్నం తాళాలు ఇచ్చేసి ఇంటికొచ్చాడు. సొంత కారు మేనల్లుడికి ఇచ్చేశాడు. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. అడిగితే "నడక ఒంటికి మంచిది" అనేవాడు. కళ్ళు పోయాయన్నారు కొందరు, తాగుతున్నాడన్నారు కొందరు. ఊరందరి గడ్డాలూ తన చేతిలో ఉన్న మంగలి ప్లీనియో మాత్రం "ధైర్యం చచ్చింది వాడికి" అని తేల్చేశాడు. నాకా మాట నచ్చలేదు. కానీ కాదని చెప్పడానికి నా దగ్గర ఇంకో కారణం లేదు.

ప్లీనియో, అతని భార్య సిల్వానా, ఎల్వేజియో, నేను ప్రతి గురువారం పేకాటకు కూర్చుంటాం. ఏటా సెప్టెంబరులో ఒకరోజు ఎటైనా వెళ్ళి వస్తాం. ఈసారి ప్లీనియో కొత్త కారు కొన్నాడు. మా దారులకు పనికిరానంత వెడల్పు కారది. "కనుమ దాటి అవతలి లోయలోకి పోదాం. పైన ఊళ్ళన్నీ చూద్దాం" అన్నాడు. దారిలో ఒక ఊళ్ళో కుందేలు కూర, పొలెంతా అనే మొక్కజొన్న సంకటి తిన్నాం. ప్లీనియో వైన్ జోలికి పోలేదని సిల్వానా నాలుగుసార్లు చెప్పింది. అది నిజమే. తర్వాత జరిగినదానికి వైన్ మీద నెపం వేయలేం.

భోజనం తర్వాత దారి ఇరుకైంది. కుడివైపు బండ, ఎడమవైపు ఏమీ లేదు. అడుగున ఎక్కడో ఏరు. ఎల్వేజియో నా పక్కన, లోయ వైపు కూర్చుని, తలుపు పిడి పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"ఏం డ్రైవరుగారూ, ఈల వెయ్యవా? మాకు హుషారొస్తుంది" అని ప్లీనియో అద్దంలోంచి ఎగతాళి చేశాడు.

ఎల్వేజియో కిటికీ అద్దం దించి చెవి బయటికి పెట్టాడు.

అప్పుడు వినిపించింది హారన్, మూడు స్వరాలు, సన్నగా, దూరంగా.

"ఆగు ప్లీనియో. ఇక్కడ వెడల్పుగా ఉంది. పక్కకి తియ్యి" అన్నాడు ఎల్వేజియో.

"ఇంకా మూడు మలుపుల అవతలుంది. పుట్టినప్పట్నుంచీ వింటున్నా ఆ హారన్ని. నాకు తెలీదా?"

మా లోయలో అయితే ప్లీనియో లెక్క సరిపోయేది. చప్పుడు విని బస్సు ఏ మలుపులో ఉందో పిల్లలు కూడా చెబుతారక్కడ. అదే మా కొంప ముంచింది. ఈ లోయ ఇరుకు. హారన్ అవతలి కొండకు తగిలి, నీరసించి, మనదాకా వస్తుంది. మేం మలుపు తిరిగేసరికి బస్సు మా ముక్కు మీద ఉంది.

బ్రేకులు కీచుమన్నాయి. ప్లీనియో భయంతో స్టీరింగ్ కుడికి తిప్పేశాడు. కారు ముందుభాగం బండకు ఆనుకుంది. నా వైపు తలుపులు తెరుచుకునే వీలు లేదు.

బస్సులోంచి పాతికేళ్ళ అమ్మాయి దిగింది. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. "వెనక్కి వెళ్ళండి. ఎనభై అడుగుల వెనక వెడల్పుంది" అంది. తపాలా దారిలో బస్సు డ్రైవరు మాటకు ఎదురు చెప్పడం మాలో లేదు.

ప్లీనియో వెనక్కి పోనిచ్చాడు. కారు వెనక భాగం ఎడమకు జారింది. చక్రం కింద ఏదో విరిగిన చప్పుడైంది. ఒక రాయి దొర్లిపోయింది. అది అడుగున పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించాను. వినబడలేదు. ప్లీనియో ఇంజను ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు" అన్నాడు చిన్నపిల్లాడిలా.

అమ్మాయి వంగి వెనక చక్రం చూసింది. లేచేసరికి ఆమె ముఖంలో రక్తం లేదు. "అంచు మట్టి జారుతోంది. ఎడమవైపు ముందు సీటు తలుపులోంచి మెల్లిగా దిగండి. క్రేను రావడానికి రెండు గంటలు పడుతుంది, అందాకా ఇది ఆగదు."

మా దేశపు కార్లకు స్టీరింగ్ ఎడమవైపే, కారు ముక్కు బండ వైపు తిరిగి ఉండటంతో ఆ తలుపు కింద ఇంకా నేల ఉంది. ప్లీనియో దిగాడు. సిల్వానా అతని సీటు మీదుగా పాకి దిగింది. ఇక నేను. నలభై ఏళ్ళు రొట్టెలు అమ్మినదాన్ని, అమ్మినవాటిలో నా వాటా నేను తిన్నదాన్ని. పైగా ఆపరేషన్ చేసిన మోకాలు. రెండు సీట్ల మధ్య సందులోంచి నేను రావడం కలలో మాట. నా పక్క తలుపుకు బండ అడ్డం. ఎల్వేజియో పక్క తలుపు తీస్తే కాలు పెట్టడానికి నేలే లేదు.

"నువ్వు దిగలేవు కదూ అర్మీడా?" అన్నాడు ఎల్వేజియో.

"దిగగలిగితే నీతో కబుర్లు చెబుతూ ఇక్కడెందుకు కూర్చుంటాను?" అన్నాను.

"ఒరేయ్ ఎల్వేజియో, నువ్వే నడపాలిరా" అని బయట నుంచి సిల్వానా ఏడుస్తోంది.

"నేను నడపకూడదు."

"ఎందుకు నడపకూడదు?" అని అరిచాను. "కళ్ళు కనపడవా? చెప్పు! చచ్చేముందైనా తెలుసుకుంటాను!"

అతను నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత సందులోంచి ముందు సీట్లోకి జరిగాడు. "బండ వైపే ఉండు. నీ బరువు అటే కావాలి" అన్నాడు. నా బరువు ఒకరికి పనికిరావడం అదే మొదటిసారి.

స్టీరింగ్ మీద పెట్టగానే అతని చేతులు వణకడం మొదలెట్టాయి. మెడ మీద చెమట కారుతోంది. నేను మరియ తల్లిని పిలుస్తున్నాను, సగంలో మాటలు మరిచిపోతున్నాను.

"వచ్చింది" అన్నాడు.

"ఏంటి వచ్చింది?"

"భయం."

"నాకెప్పుడో వచ్చింది, నువ్వు ముందు పోనియ్యి!"

తలుపు తెరిచి, ఒళ్ళు సగం బయటికి వంచి, అంచును చూస్తూ, మూరెడు ముందుకు పోనిచ్చాడు. వెనక చక్రం కింద గరగర. కారు ఒక్కసారి కుంగింది. చక్రం పట్టు దొరికించుకుంది. అప్పుడు కారును వెనక్కి పోనిస్తూ మొదలుపెట్టాడు ఈల. నాకు బాగా తెలిసిన ఈలే, తాళం లేనిది. వింటూ అతని చేతులు చూశాను. ఇన్నేళ్ళూ బస్సులో మేం ఆ ఈల విన్నామే తప్ప ఆ చేతులు చూడలేదు. వెనక నిలబడి అమ్మాయి చెయ్యి ఊపుతోంది. ఎనభై అడుగులు. అంత దూరం నేను జీవితంలో ప్రయాణించలేదు.

వెడల్పు చోటికి చేరి ఇంజను ఆపాక ఈల ఆగింది.

బస్సు మమ్మల్ని దాటి ఆగింది. అమ్మాయి మళ్ళీ దిగి వచ్చింది. "పెద్దాయనా, మీరు బస్సు నడిపేవారా? అంత నిబ్బరం ఎలా వచ్చింది మీకు?"

"నిబ్బరమా? ముప్పై నాలుగేళ్ళు ప్రతి మలుపులో చచ్చేంత భయపడ్డాను. భయం వేస్తే ఈల వస్తుంది నాకు, అంతే" అన్నాడు. "ఒకరోజు చర్చి దగ్గర బస్సు ఆపాను. పంతొమ్మిది మంది ఉన్నారు లోపల. ఇదిగో ఈవిడ రొట్టెల బుట్టతో దిగుతూ, 'ఏం ఎల్వేజియో, ఇవాళ ఈల లేదే?' అంది. ఆలోచిస్తే ఒక్క మలుపూ గుర్తులేదు. రాత్రికి ఏం వండుకోవాలా అనుకుంటూ వచ్చేశాను. ఆ రోజు భయం రాలేదమ్మా. అందుకే తాళాలు ఇచ్చేశాను."

నాకు ఆ మంగళవారం గుర్తొచ్చింది. ఊరికే నోటికొచ్చి అన్న మాట. దిగి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను కూడా. ఏడేళ్ళుగా ఊరు అతన్ని పిరికివాడంటుంటే వింటూ కూర్చున్నాను.

అమ్మాయి జేబుల్లోంచి చేతులు తీసింది. వణుకుతున్నాయి. "ఒంటరిగా నడపడం ఇదే మొదటి వారం. ఈ పని మానేస్తానని రేపు చెప్దామనుకున్నాను."

"వణకనీ. ఆ చేతులతోనే నడుపు" అన్నాడు ఎల్వేజియో.

ఆమె వెళ్ళిపోయింది. ప్లీనియో తాళాలు ఎల్వేజియోకే వదిలేసి, వెనక సీట్లో అంతకుముందు అతను కూర్చున్న చోట కూర్చుని, తలుపు పిడి పట్టుకున్నాడు. ఇంటికి ఇంకా నలభై మలుపులు. మొదటి మలుపు దగ్గర ముందు నుంచి ఈల వినిపించింది. అదేమిటో తెలిశాక ఇక ప్రాణం కుదుటపడలేదు. అతన్నలా ఒక్కణ్ణే వదిలేయడం నాకు చేతకాలేదు. నాకు ఈల రాదు. అయినా పెదాలు ముందుకు చాచి ఊదాను.