మూడు సెకన్లు నిలబడితే తప్పా?

మా మామగారు తళి దగ్గర గులాబీలు పండిస్తారు. వారానికి రెండుసార్లు హోసూరు మార్కెట్లో పూలు దించి, పొద్దున ఏడు గంటలకల్లా మా ఇంటికొచ్చి కాఫీ తాగి పోతారు. ఆ వేళకు మా టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ మ్యాచ్ నడుస్తుంటుంది. నా భార్య కృష్ణగిరిలో చదువుకునేటప్పుడు కాలేజీ జట్టులో ఆడింది. నాకు ఆ ఆట పెళ్లయ్యాకే తెలిసింది.

ఒక రోజు రెఫరీ విజిల్ ఊది, బుట్ట కింద నిలబడ్డ పొడుగాటి ఆటగాడిది తప్పన్నాడు. అవతలివాళ్లకు ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి వేసుకునే ఫ్రీ త్రో ఒకటి ఇచ్చాడు. మామగారు కాఫీ లోటా కింద పెట్టారు.

"వాడేం చేసినాడమ్మా? ఉత్తగా నిలబడినాడు కదా."

"అదే తప్పు నాయనా. బుట్ట ముందర రంగు వేసిన చోటు ఉంది చూడు. ఎవరినీ కాయకుండా ఆడ మూడు సెకన్లకు మించి నిలబడకూడదు."

"కావలివాడు గేటు కాడ నిలబడకపోతే యాడ నిలబడతాడు?"

"పొడుగోడు ఒకడు ఆడనే పాతుకుపోతే ఇంకెవరు లోపలికి వస్తారు? చూసేవాళ్లకు నిద్దర వస్తుంది."

"చూసేవాళ్ల కోసం కాచేవాని కాళ్లు కట్టేస్తారా?"

నన్ను తీర్పు చెప్పమన్నారు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లతో తంటా. స్నానానికి లేచాను.

వాదం నెల రోజులు సాగింది. మామగారు వయసులో కబడ్డీ ఆడిన ఆరడుగుల మనిషి. కబడ్డీలో ఇట్లాంటి రూలు ఉందా అని తోటలోంచి ఫోన్ చేసి మరీ అడిగేవారు. చివరికి నా భార్య, "ఆదివారం రా నాయనా, ఆడి చూస్తాము" అంది.

మా వీధి చివరి పార్కులో ఒక బుట్ట ఉంది. ఆయన పంచె ఎగగట్టి, దాని కింద చేతులు చాపి నిలబడ్డారు. మేమిద్దరం ఒక జట్టు. దూరం నుంచి వేయకూడదని ఒప్పందం. మొదట రూలు లేకుండా ఆడాం. ఎన్నిసార్లు లోపలికి పోయినా బంతి ఆయన అరచేతికే తగిలింది. తర్వాత రూలు పెట్టాం. నా భార్య పైకి లెక్కపెడుతుంటే ఆయన బయటికి దూకేవారు, ఆ సందులో ఆమె దూసుకుపోయి బుట్టలో వేసేది. అలా నాలుగుసార్లయింది.

ఐదోసారి ఆయన బయటికి పోలేదు. వచ్చి నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడ్డారు.

"మూడు అయిపోయె నాయనా."

"ఎవరినీ కాయకుండా అని కదా చెప్పినావు? నేను అల్లుణ్ణి కాస్తా ఉండాను."

ఆమె బంతి చంకలో పెట్టుకుని నా వైపు తిరిగింది. "నువ్వు ఆడ ఏం చేస్తా ఉండావు? బంతి ఉండే జట్టోళ్లకూ మూడు సెకన్లే."

ఎక్కడ నిలబడాలో తెలియక నేను మొదటినుంచీ బుట్ట కిందే ఉన్నాను.

మామగారు నడుం పట్టుకుని నవ్వారు. "వాళ్లకూ ఉందా? ముందే చెప్పుంటే ఇన్ని దినాలు కొట్లాడేవాణ్ణి కాదు కదమ్మా. ఇద్దరికీ ఒకటే అంటే అది న్యాయం."

"నన్ను చెప్పనిస్తివా నువ్వు?"

ఎండెక్కేదాకా ముగ్గురం రూలుతోనే పరుగెత్తి ఆడాం. ఆయన ఘోరంగా ఓడిపోయారు. ఇంటికి నడుస్తూ అత్తగారికి ఫోన్ చేశారు.

"పాప నన్ను ఓడగొట్టిందే. కాలేజీలో ఆడేటప్పుడు ఒక్క దినమన్నా పోయి చూడలేదు నేను. ఇంత బాగా ఆడుతుందని నాకెవురు చెప్పినారు?"

ముందు నడుస్తున్న నా భార్య వెనక్కి తిరగలేదు కానీ అడుగు నెమ్మదించింది. ఆయన ఇంకా ఏమేం చెబుతారో విందామని కాబోలు.