ఆయన పంపని ఫిర్యాదు

జగ్గయ్యపేట సున్నం ఫ్యాక్టరీలో పౌరసంబంధాల ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దాయన మొన్న ఆదివారం పోయారు. జగ్గయ్యపేట బస్సు కండక్టరు నందిగామలో దిగి నాకీ కబురు చెప్పాడు. ఏ పత్రికకు ఫ్యాక్టరీ ప్రకటన ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే గనుక, పెద్ద విలేకరులు సైతం ఆయనొస్తే లేచి నిలబడేవారు. ఆయన మాత్రం ఇరవై రెండేళ్ళ నన్ను కూడా 'అండీ' అనే పిలిచేవారు.

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. నేను నందిగామ విలేకరిగా కొత్తగా చేరాను. ఫ్యాక్టరీ రాతిదుమ్ము పడి పక్క ఊరి మిరపతోటలు పాడవుతున్నాయని వార్త రాశాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అడగబోయిన రైతులను ఆఫీసరు గారు బెదిరించారని కూడా, ఎవరో చెబితే విని, రాసేశాను.

వార్త అచ్చయిన మూడోరోజు ఆయన బస్సులో వచ్చి మా వసారాలో కూర్చున్నారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మంచినీళ్ళు తాగి, పత్రిక మడత విప్పి, ఒక్క వాక్యం కింద వేలు పెట్టారు.

"ఆ రైతులొచ్చిన రోజు నేను బెజవాడలో ఉన్నానండి. ఇదొక్కటీ సరిచేయండి."

"మరి దుమ్ము సంగతండీ?" అన్నాను.

"అది నిజమే గదండీ. దాన్ని కదపొద్దు."

సవరణ వేశాం. ప్రకటనలు ఆగలేదు. పైనుంచి నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

నిన్న పరామర్శకు వెళితే ఆయన భార్య అసలు సంగతి చెప్పారు. నన్ను తీసేయకపోతే ప్రకటనలు ఆపేస్తామని మా పత్రికకు ఉత్తరం రాయమన్నారట ఫ్యాక్టరీ యజమాని. ఈయనకూ కోపంగానే ఉందట.

"రాశారండి. రెండ్రోజులు అన్నం కూడా సరిగ్గా తినలా. మూడోనాడు పొద్దున్నే చించేశారు. 'అధికారం చేతిలో ఉంది గదా అని కొడితే రేపు నా మాట ఎవరు నమ్ముతారు' అన్నారు," అన్నారావిడ.

ఆ పొద్దున్నే ఆయన మా ఇంటికి బయల్దేరి వచ్చారన్నమాట. ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకోవలసి ఉందని తెలిసేసరికి ఆయన లేరు.

అప్పట్లో, సవరణ పడిన తర్వాతి వారం ఆయన యజమానిని ఒప్పించి ఆ మిరపతోటల్లో ఒకదానికి తీసుకొచ్చారు. నేనూ వెళ్ళాను. ఆయనేమీ వాదించలేదు. తెల్లబారిన ఆకు ఒకటి జేబురుమాలుతో తుడిచి, ఆ రుమాలు యజమాని చేతికిచ్చారు. రాయి కొట్టేచోట దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లడం ఆ మర్నాడే మొదలైంది.

యజమాని జీపెక్కి పిలుస్తున్నా, ఆయన చాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, పంచె చెంగుతో ఇంకో ఆకు, ఆ పక్కనే మరో ఆకు తుడుస్తూ ఉండిపోయారు.