మా గరాజ్ ముందు సన్నాయి

మా చిన్నప్పుడు... అమెరికాలో, పార్సిప్పనీలో మా ఇంటి గరాజ్‌లో కారు ఉండేది కాదు. కరెంటుతో తిరిగే కుమ్మరి సారె, కుండలు కాల్చే బట్టీ, ఓ మూల అమ్మ రంగుల గిన్నెలు ఉండేవి. చలికాలంలో కారు బయట మంచులో గడ్డకట్టేది... కుండలు మాత్రం లోపల వెచ్చగా ఉండేవి.

నాన్నకి వారమంతా ఆఫీస్, శని ఆదివారాలు తాతల నాటి పని. పెళ్ళి మండపంలో పెట్టే ఐరేని కుండలు చేసేవారు. అమ్మ వాటికి సున్నం పూసి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో చిలకలు, మామిడి పిందెలు వేసేది. అక్కా, నేనూ చుక్కలు పెట్టేవాళ్ళం. నా చుక్కలు జారిపోతే అమ్మ వాటినే పువ్వులు చేసేసేది.

నాన్నది ఒకటే పట్టు... కుండల కోసం పెళ్ళివారు మేళంతో మా ఇంటికి రావాలి. ఊళ్ళో అలాగే వచ్చేవారట.

ఒకసారి కూతురి పెళ్ళి కుండల కోసం ఓ అంకుల్ ఒక్కరే వచ్చారు. "అన్నగారూ, స్నో పడేలా ఉంది. డిక్కీలో పెట్టేసుకుని వెళ్ళిపోతా" అన్నారు.

"ఇంట్లో ఆడవాళ్ళని కూడా తీసుకురండి. మేళం లేకపోతే కార్‌లో సన్నాయి సీడీ పెట్టి డోర్లు తీయండి, చాలు" అన్నారు నాన్న.

నిజంగానే వచ్చారు! నలుగురు ఆంటీలు పైన పట్టుచీర పందిరిలా పట్టుకుంటే, పెళ్ళికూతురి తల్లి కుండ ఎత్తుకుని వ్యాన్ దాకా నడిచింది. అమ్మకి బొట్టు పెట్టి, బియ్యం, జాకెట్టు ముక్క ఇచ్చారు. పక్కింటి అమెరికన్ ఆవిడ కాఫీ కప్పుతో పోర్చ్‌లో నిలబడి చూసింది. ఆ పూట నాన్న ముఖం చూడాలి...

తర్వాత్తర్వాత "పెళ్ళి జరిగే హోటల్‌కే షిప్ చేస్తారా అంకుల్?" అని ఫోన్లు మొదలయ్యాయి. నాన్న కొన్నాళ్ళు కుదరదన్నారు. ఆ తర్వాత ఆయనే కుండలు చుట్టి పంపడానికి బబుల్ రాప్ కొనుక్కొచ్చారు.

అక్క పెళ్ళి కుదిరినప్పుడు మాత్రం ఆయన హుషారు చెప్పలేను. గరాజ్‌లోంచి ముందు గుమ్మం దాకా మనమే మేళంతో తెచ్చుకుందాం అన్నారు. సన్నాయి వాళ్ళని బుక్ చేశారు. అమ్మ ఎవరికీ వేయనన్ని చిలకలు వేసింది.

పెళ్ళి దగ్గరపడ్డాక అక్క మెల్లగా చెప్పింది. "నాన్నా, డెకరేటర్ మొత్తం ఐవరీ థీమ్ చేస్తున్నారు. కుండలు కూడా వాళ్ళే తెస్తారట. మన రంగుల కుండలు ఫొటోల్లో మ్యాచ్ అవ్వవట..."

"నీ ఇష్టం తల్లీ" అన్నారు నాన్న.

పెళ్ళి బాగా జరిగింది. కానీ ఎందరి పెళ్ళిళ్ళకో మా గరాజ్ ముందు మోగిన సన్నాయి మా ఇంటి పెళ్ళికి మోగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నాన్న మళ్ళీ సారె తిప్పలేదు.

ఆ కుండలు ఇంకా గరాజ్‌లోనే ఉన్నాయి, పైన పాత దుప్పటి కప్పి. ఇప్పుడు పక్కనే కారు కూడా పెడుతున్నారు...

మీ ఇంటి పెళ్ళికి ఎవరైనా మేళంతో వెళ్ళి ఐరేని కుండలు తెచ్చారా? ఎవరింటి నుంచి తెచ్చారు? తెచ్చి ఉంటే రాయండి... నాన్నకి చదివి వినిపిస్తాను.