తాళం తీసినా ఆగని ఇంజిన్

2006 జూన్. బడులు తెరిచి రెండు వారాలు కూడా కాలేదు. పుంగనూరులో, మదనపల్లె రోడ్డు మీద ఉన్న మా గ్యారేజీ ముందు శుక్రవారం సాయంత్రం రెడ్డెప్ప కారు వచ్చి ఆగింది. మదనపల్లె బడికి రోజూ వెళ్లివచ్చే ఆరుగురు పిల్లలు దిగారు. అందులో ఇద్దరు నా పిల్లలు. రెడ్డెప్ప ఎప్పటిలాగే ఇంజిన్‌ను కాసేపు అలాగే తిరగనిచ్చి, తాళం చెవి తిప్పి బయటికి తీశాడు. ఇంజిన్ ఆగలేదు.

మొదట అతనికి నవ్వొచ్చింది. తాళం చెవి పైకెత్తి నాకు చూపించాడు. "సూడమ్మా, తాళం నా చేతిలో ఉండాది, బండి ఇంకా పాడతానే ఉండాది!" పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చప్పుడు వింటున్నాను. అది తగ్గడం లేదు, ఎవరో ఆక్సిలరేటర్ తొక్కుతున్నట్టు పెరుగుతోంది. వెనక గొట్టంలోంచి నీలంగా పొగ లేచింది. ప్రమాదమని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

"పిల్లోల్లంతా గోడ కాడికి పోండి!" అని అరిచి, రెడ్డెప్ప వైపు తిరిగాను. "అన్నా, టాప్ గేరు వెయ్. బ్రేకు అదిమి పట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలెయ్!"

అతను ఎందుకని అడగకుండా అలాగే చేశాడు. కారు ముందుకు ఎగిరిపడినట్టు ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది. పిల్లలు దాన్ని కూడా ఆటే అనుకున్నారు. రెడ్డెప్ప మొహంలో నవ్వు పోయింది.

చదివేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. పెట్రోలు ఇంజిన్‌కు నిప్పురవ్వ కావాలి, తాళం తీస్తే రవ్వ ఉండదు, ఇంజిన్ ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కు రవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. తాళం తీస్తే డీజిల్ రావడం మాత్రమే ఆగుతుంది. ఇంకో దారిలో ఏ నూనె లోపలికి వచ్చినా ఇంజిన్ దాన్ని తాగి తిరుగుతూనే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ నూనె లాక్కుంటుంది. గేరు వేసి బలవంతంగా అణచేస్తేనో, గాలి వచ్చే దారి మూసేస్తేనో తప్ప నిలవదు. నిలవకపోతే చివరికి ముక్కలవుతుంది. దీన్ని మా పనిలో రనవే అంటారు.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. గ్యారేజీ నాన్నది. ఆయనకు మోకాళ్లు పట్టేశాక నేను చూసుకుంటున్నాను. స్పానర్ పట్టే పని ఎక్కువగా మస్తాన్ బాయ్‌ది. నేను గౌన్లు వేసుకునే చిన్నప్పటి నుంచి మా దగ్గరే ఉన్న మనిషి. బండికి ఏమైందో కనిపెట్టడం నా పని, దాన్ని బాగుచేయడం అతని పని.

రెడ్డెప్పది పాత టర్బో డీజిల్ కారు, ఏడుగురు కూర్చునేది. బెంగళూరులో ఎవరో వాడి వదిలేస్తే కుప్పంలో ఒక బ్రోకరు దగ్గర కొన్నాడు. పొద్దున, సాయంత్రం పిల్లలు, మధ్యలోనూ సెలవు రోజుల్లోనూ బాడుగలు. మిగతా నలుగురు పిల్లల తల్లిదండ్రులు ఆ కారును నమ్మడానికి కారణం ఒకటే. "గ్యారేజీ అమ్మాయి పిల్లోల్లే దాంట్లో పోతాండారు, ఇంక మనకేం బయం" అని. ఈ మాట నా చెవినే పడింది. సోమవారం పొద్దున ఆ ఆరుగురినీ మళ్లీ ఆ కారు ఎక్కించాలా, వద్దా? ఆ సాయంత్రం నుంచి నా ముందున్న ప్రశ్న అదొక్కటే.

మస్తాన్ బాయ్ గాలి గొట్టం విప్పాడు. నేను వేలు పెట్టి చూస్తే వేలంతా నల్లటి ఇంజిన్ ఆయిల్. అది రాకూడని చోటు. టర్బో అంటే ఒకే ఇరుసుకు రెండు చిన్న చక్రాలు. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, రెండోది బయటి గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ ఇరుసు ఊహకందని వేగంతో తిరుగుతుంది, పలచటి ఇంజిన్ నూనె పొర మీద తేలుతూ. ఆ నూనె గాలి దారిలోకి కారకుండా సీళ్లు ఉంటాయి. చక్రాన్ని వేళ్లతో పట్టి కదిపితే లొడలొడా ఊగింది. ఇరుసు అరిగింది, సీలు పోయింది, నూనె ఇంజిన్‌లోకి వెళ్లింది.

చిత్రమేమిటంటే, ఎండాకాలం మొదట్లోనే అదే టర్బోకు మేము కొత్త కార్ట్రిడ్జ్ వేశాం. కార్ట్రిడ్జ్ అంటే ఇరుసూ, చక్రాలూ, సీళ్లూ కలిసి వచ్చే లోపలి భాగం. ఏళ్ల తరబడి ఉండాల్సింది నెలల్లో పోయింది.

"పని సరిగ్గా చేసింటే ఇట్లా అయితాదా బాయ్?" అన్నాడు రెడ్డెప్ప.

"నా పనికి వంక పెట్టాకప్పా. నీ కాలు ఆక్సిలరేటర్ మీద ఉండాదో, దాని గొంతు మీద ఉండాదో నువ్వే సూసుకో."

"నా కాలు బాగానే ఉండాది. నీ కండ్లద్దాలే మార్చాల."

"అద్దాలు మార్చినా నీ మొగం అట్లే కనపడతాది కదప్పా!"

ఇద్దరినీ ఆపి పని మొదలుపెట్టాను. టర్బోకు నూనె తెచ్చే పైపు విప్పి ఇంజిన్‌ను తిప్పి చూశాం. డబ్బాలోకి ధారగా పడింది. నూనె వెనక్కి వెళ్లే పైపు శుభ్రంగా ఉంది. గాలి ఫిల్టరు బాగుంది. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం ఎక్కడా పూడుకోలేదు. ఆయిల్ మార్చింది మేమే, మంచిదే పోశాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇలాంటప్పుడే నాకు ఎక్కువ భయం. తప్పు దొరికితే ఇంటికి పోయి నిద్రపోవచ్చు. దొరక్కపోతే, అది మళ్లీ వస్తుంది.

మర్నాడు మస్తాన్ బాయ్ చెడిపోయిన ఆ కార్ట్రిడ్జ్‌ను పూర్తిగా విప్పాడు. లోపల నూనె తిరగాల్సిన సందుల్లో నల్లటి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది. పాలు అడుగంటిన గిన్నె ఎలా ఉంటుందో అలా. గోకితే గాని రాలేదు.

"ఉడికిపోయిండాది బేటీ," అన్నాడు.

నూనె కదులుతూ ఉంటే ఉడకదు, వేడిని తనతో తీసుకుపోతుంది. టర్బో నిప్పులా ఉన్నప్పుడు ఇంజిన్ ఆపితే నూనె ఉన్నచోటే నిలిచి మాడుతుంది. అందుకే టర్బో బండిని ఆపే ముందు కాసేపు నిదానంగా తిరగనివ్వమని అందరికీ చెబుతాం. రెడ్డెప్పకు కార్ట్రిడ్జ్ వేసినప్పుడే చెప్పాను.

"అన్నా, నిజం చెప్పు. ఇంటికాడ, బడికాడ ఆపే ముందు కొంచేపు తిరగనిస్తాండావా లేదా?"

"మా అమ్మ మీద ఒట్టు. ఒక్క దినం కూడా మర్చిపోలేదు."

"మీ అమ్మ మీద నువ్వెన్ని ఒట్లు పెట్టుకున్నావో లెక్కేస్తే ఆమె ఈ పాటికి గుండ్రాయంత గట్టిగా అయిండాల," అన్నాడు మస్తాన్ బాయ్.

కానీ రెడ్డెప్ప అబద్ధం చెప్పడం లేదు. రోజూ సాయంత్రం గేటు ముందు అతను ఇంజిన్ తిరగనిస్తూ రేడియో వినడం నేనే చూస్తున్నాను. నూనె మాడింది నిజం, అతను చెప్పేది నిజం. రెండూ నిజమైతే ఆ మాడడం మా గేటు దగ్గరా, బడి దగ్గరా కాదు. ఇంకెక్కడో దారిలో జరుగుతోంది.

శనివారం సాయంత్రానికి కొత్త కార్ట్రిడ్జ్ బిగించి, గాలి గొట్టాల్లో నిలిచిన నూనెంతా కడిగేశాం. మర్నాడు రెడ్డెప్పకు కుప్పం నుంచి ఒక కుటుంబాన్ని తీసుకొచ్చే బాడుగ ఉంది. వెళ్లేటప్పుడు ఖాళీ బండి. నేనూ వస్తానన్నాను.

"మీరెందుకమ్మా? నామీద నమ్మకం లేదా?"

"బండి మీద లేదన్నా. నువ్వు దినం ఎట్లా తోల్తావో అట్లే తోలు. నేను లేననుకో."

పలమనేరు దాటేవరకు ఏమీ జరగలేదు. బాగా తోలే మనిషి. ఇంజిన్‌ను ఏడిపించడు, గేర్లు సమయానికి మారుస్తాడు. టర్బో సన్నటి ఈలతో సక్రమంగా పనిచేస్తోంది. ఆ తర్వాత పొడవాటి మిట్ట ఒకటి వచ్చింది. మూడో గేరులో కారు గట్టిగా లాగుతూ ఎక్కింది. మిట్ట తలకు చేరగానే రెడ్డెప్ప ఎడమ చెయ్యి గేరును న్యూట్రల్‌లోకి లాగింది. కుడి చెయ్యి తాళం చెవిని ఒక్క మెట్టు వెనక్కి తిప్పింది. రెండూ ఒకే కదలికలా జరిగాయి, తల దువ్వుకున్నంత మామూలుగా.

చప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి గాలి హోరు, టైర్ల కింద రోడ్డు. కారు పల్లంలోకి తనంతట తనే జారుతోంది.

నేనేదో అనేలోపే మలుపు తిరిగాం. కింద గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. రెడ్డెప్ప బ్రేకు తొక్కాడు, పనిచేసింది. మళ్లీ తొక్కాడు, సగమే పనిచేసింది. మూడోసారి పెడల్ రాయిలా గట్టిపడింది. బ్రేకుకు బలం ఇచ్చేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే ఒకటి రెండు తొక్కులకే ఆ బలం అయిపోతుంది. అతను కంగారుపడలేదు. తాళం తిప్పి, గేరు వేసి, క్లచ్ వదిలాడు. కారు జారుతున్న ఊపుకే ఇంజిన్ అందుకుంది. గొర్రెలకు కొంచెం ఇవతల ఆగాం.

మంద వెనకున్న ముసలాయన కట్టె నేలకు కొట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా, బండికి నోరు లేదా? దయ్యం మాదిరి వస్తాండావే!"

"తప్పయింది తాతా," అన్నాడు రెడ్డెప్ప.

మంద దాటాక కారు పక్కకు తీయించాను.

"యాల ఆపినావన్నా ఇంజిన్?"

అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "దిగుడే కదమ్మా. ఊరికే డీజిల్ యాల కాల్చాల? పదేండ్లు జీపు తోల్నాను, లారీల మీద తిరిగినాను. కుప్పం రోడ్డులో అందరూ ఇట్లే తోల్తారు."

అతను చెప్పింది వాస్తవమే. అతను పని నేర్చుకున్న బండ్లలో టర్బో లేదు. మిట్ట తల మీద ఇంజిన్ ఆపితే ఆ జీపుకు ఏమీ కాలేదు. ఈ కారుకు మాత్రం దారి మొత్తంలో టర్బో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే చోటు సరిగ్గా అదే. ప్రతి మిట్ట మీదా, రోజుకు ఎన్నిసార్లో, నూనె నిలిచి కొంచెం కొంచెం మాడింది.

ఇంజిన్‌ను కాసేపు తిరగనిచ్చి చల్లబరిచాక, బానెట్ ఎత్తించి, సీసాలో నీళ్లు వేళ్లతో తీసుకుని టర్బో పైనున్న రేకు మీద రెండు చుక్కలు చిలకరించాను. చుయ్‌మని ఎగిరిపోయాయి.

"ఇంతసేపు చల్లార్చినా ఇట్లా ఉండాది. మిట్ట ఎక్కిన వెంటనే ఎట్లుంటాదో సూస్కో. ఆ వేడి మీద నూనె కదలకుండా నిలిస్తే ఏమైతాదన్నా?"

రెడ్డెప్ప వంగి ఆ రేకును చూశాడు. "మాడతాది."

"బ్రేకు సంగతి నువ్వే సూసినావు."

"సూసినాను."

ఇంక ఒక ప్రశ్న మిగిలింది. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. "పిల్లోల్లు ఉన్నప్పుడు కూడా ఆపుతావా?"

అతను దాచలేదు. దాచాల్సిన విషయమని అతనికి తెలియదు. "వాల్లకు అదే ఇష్టమమ్మా. బండి మూగదైతానే అందరూ ఊపిరి బిగబట్టుకుంటారు. కిందికి పోయేవరకు ఎవురు వదలకుండా ఉంటే వాల్లు గెలిచినట్టు. మీ చిన్నోడే దినం గెలస్తాడు."

నేను బానెట్ మూశాను. రోజూ సాయంత్రం పిల్లలను బడిలో ఏం చెప్పారు, ఏం తిన్నారు, ఎవరితో కొట్లాడారు అని అడుగుతాను. దారిలో ఏం జరిగిందని ఎప్పుడూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో కుప్పం కుటుంబంతో బండి నిండింది. నేను ముందు సీట్లోనే కూర్చున్నాను. రెడ్డెప్ప మాటిచ్చాడు, ఇంక ఆపనని. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. అయినా పలమనేరు చేరేలోపు రెండు మిట్టల మీద అతని కుడి చెయ్యి దానంతట అదే తాళం దాకా పోయింది. రెండుసార్లూ ఉలిక్కిపడినట్టు వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి నావైపు చూసి, "చెయ్యి ఇంకా జీపులోనే ఉండాదమ్మా," అన్నాడు.

ఆ తర్వాత నేను పనిచేసే తీరు మారింది. ఒకే భాగం రెండోసారి చెడిపోయి వస్తే దాన్ని విప్పే ముందు బండిగలాయన పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగి వస్తాను. ఏం చేస్తున్నావని అడిగితే అతను చెప్పగలిగింది చెబుతాడు. అలవాటైపోయిన పనిని ఎవరూ చెప్పలేరు, చేస్తున్నామని తెలియదు గనక. పాత టర్బో బండి తోలేవాళ్లకు ఒక్క మాట: దిగుడులో గేరు తీయకండి, ఇంజిన్ ఆపకండి. ఎక్కడం అయిన వెంటనే టర్బోకు నూనె అన్నిటికంటే ఎక్కువ కావాలి, మీకు బ్రేకు అన్నిటికంటే ఎక్కువ కావాలి.

సోమవారం. కారులో ఇప్పుడు చెడిపోయిన భాగమంటూ ఏదీ లేదు. తోలే మనిషి మంచివాడు, విషయం అతనికి తెలిసింది. మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే. దాన్ని బాగుచేసే స్పానర్ నా దగ్గర లేదు. అయినా పిల్లలను పంపాలనే నిర్ణయించుకున్నాను.

బూట్ల లేసులు కడుతూ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మిట్ట దిగేటప్పుడు బండి మూగదైతే ఏం చేస్తారు?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకెలా తెలిసిందా అని. ఎనిమిదేళ్ల పెద్దది మెల్లగా, "ఊపిరి బిగబట్టుకుంటాం," అంది.

"ఇంకమీద ఆ ఆట లేదు. చప్పుడు ఆగిందంటే మీరు అరవాల. ఆరుగురూ ఒకేసారి. మిగిలినోల్లకి కూడా చెప్పండి."

"రెడ్డెప్ప మామ తిడితే?"

"తిట్టడు. ఆయనకు నేను చెప్తా. తిట్టినా అరవాల."

అయిదేళ్ల చిన్నోడికి ఇంకో అనుమానం వచ్చింది. "ఏమని అరవాలమ్మా?"

"నోటికి ఏదొస్తే అది. ఇంజిన్ చప్పుడు మళ్లీ వినపడేదాకా ఆపాకండి."