దగ్గే కారు

టైలరు మాస్టారు పెళ్లైన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ అమెరికా కారు వయసులో ఆయనకి అన్నయ్య. ఆదివారమైతే చాలు, దాని కిందికి దూరతారు. విప్పిన బోల్టులు బొత్తాల డబ్బాలో వేస్తారు, సీట్లు చినిగితే తనే కుడతారు. రోజూ ఆయన కొట్టు కట్టేసి వస్తుంటే, సైలెన్సర్‌కి చిల్లు పడ్డ కారు వీధి మలుపులోనే దగ్గేది. అది విని భార్య టీ పెట్టేది. మొన్న ఆదివారం పట్టుబట్టి ఆ చిల్లుకి రేకు అతికించారు. సోమవారం కారు పిల్లిలా వచ్చి ఆగింది. తలుపు వేసే ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు.

“అదేంటండీ, దొంగలా వచ్చారు? ఇన్నేళ్లూ నన్ను కేకేసి మరీ వచ్చే బండి!” అంది ఆమె చిన్నబోయి.

మాస్టారు ఆ రాత్రే మళ్లీ కారు కిందికి దూరారు. కుట్టు విప్పినంత ఓపిగ్గా, తను అతికించిన రేకు తనే పీకేశారు. మర్నాడు మలుపులో కారు దగ్గింది. ఆయన దిగేసరికి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి, “వినపడిందిలెండి,” అంది ఆమె.