మాస్టారి మెత్తని చెయ్యి

మా అమ్మాయికి కుస్తీ నేర్పిన మాస్టారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. అప్పుడు నేను ఇక్కడ సింగపూరులో, బూన్ లే మార్కెట్లో అరటికాయలు ఏరుతున్నాను. చాంగీ బిజినెస్ పార్కులో ఆఫీసుకు వెళ్లిన అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మాస్టారు లేరు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట" అంది. ఆ కాయలు ఆయన కోసమే. ప్రతి బుధవారం మా ఇంట్లో భోజనానికి వచ్చేవారు. ఏం చెయ్యాలో తోచక ఆరు కాయలూ సంచిలో వేసుకునే ఇంటికి వచ్చాను.

చదివే మీకు ఒక మాట ముందే చెప్పుకోవాలి. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఓడలు బాగుచేసే యార్డులో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేశాను. రాతలో తప్పులుంటే మన్నించండి. మనిషి పోయాడని రాస్తూ ఇంత సంబరంగా రాస్తున్నాడేమిటి అని కూడా అనుకోవద్దు. బాధ ఉంది. కానీ అలాంటి మనిషి మా గడప తొక్కాడన్న సంతోషం ముందు ఆ బాధ నిలవడం లేదు. నేనేం చెయ్యను.

మాస్టారిది డొమినికన్ రిపబ్లిక్ అనే దేశం. అదెక్కడుందో నాకు తెలియదు. అమ్మాయి ఫోన్‌లో మ్యాపు పెద్దది చేసి చూపించింది. సముద్రం మధ్యలో ఒక దీవి, అందులో కొంత ముక్క వీళ్లది. వాళ్ల నాన్న చెరకు కొట్టే కూలీ. మా నాన్నా చెరకు తోటల్లోనే నడుం వంచాడు. ఆ సంగతి తెలిసిన రోజు ఇద్దరం ఒకరి అరచేతులు ఒకరికి చూపించుకున్నాం, ఆ చేతుల్లో మా నాన్నలకు పనిచేసి కాసిన కాయలు కనిపిస్తాయన్నట్టు.

ఆయనది మన మట్టి గోదా కుస్తీ కాదు, టీవీలో చూపించే తాళ్ల రింగు కుస్తీ. పదిహేడేళ్లకే రింగు ఎక్కారు. ఆరడుగులు దాటిన మనిషి, కోర చూపు. మొదటి రోజే విలన్ వేషం ఇచ్చారట. ఇక అదే ఖాయమైంది. వాళ్ల దేశంలో కుస్తీ అంటే పెద్ద పండగ. ఆయన వీధిలో నడుస్తుంటే ముసలమ్మలు వెంటపడి తిట్టేవారు. రింగు నుంచి దిగి వెళ్తుంటే చేతిసంచులతో, గొడుగులతో వీపు మీద బాదేవారు. ప్యూర్టోరికో, మెక్సికో, జపాన్ అన్నీ తిరిగారు. జపాన్‌లో ఉన్నప్పుడే సింగపూరు చైనీస్ ఆవిణ్ణి పెళ్లాడి ఇక్కడికి వచ్చేశారు. ఆవిడకు హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల బజారులో, చేపల సూపు షాపు. పొద్దున షాపులో చేపలు కోసేవారు, సాయంత్రం జురాంగ్‌లో ఒక గోడౌన్‌లో కుస్తీ నేర్పేవారు.

ఆ గోడౌన్‌కే మా అమ్మాయి వెళ్లింది, మాకు చెప్పకుండా. మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం భోజనాల దగ్గర బయటపెట్టింది.

మా ఆవిడ గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. "ఏటీ, కుస్తీయా? మెడ ఇరిగితే ఎవులే దిక్కు?"

"అమ్మా, సేఫ్ లా. కోచ్ ఉన్నారు కదా" అంది అమ్మాయి, ఇక్కడివాళ్లు మాట చివర పెట్టే లా తగిలించి.

"ఆ కోచ్చి ఎవడో ముందు నాన్నని సూసి రమ్మను."

చూడ్డానికి వెళ్లాను. మా తాత మా విజయనగరం వైపు పేరున్న వస్తాదు. చెయ్యి కలిపితే మనిషి బలం తెలిసిపోతుందనేవాడు. అందుకని నేను కాస్త గట్టిగానే పట్టుకున్నాను. ఆ కొండంత మనిషి చెయ్యి నా చేతిలో తడిబట్టలా వాలిపోయింది. నాకు ఒళ్లు మండింది. బయటికి రాగానే అమ్మాయితో అన్నాను, "ఇంత మనిషికి చేతిలో సత్తువ లేదు. ఈయన నీకేం నేర్పుతాడమ్మా?"

అమ్మాయి బస్సు వచ్చేదాకా నవ్వింది. "అది మా కుస్తీవాళ్ల షేక్‌హ్యాండ్ నాన్నా. నలిపేసేవాడితో ఎవరూ రింగెక్కరు. మెత్తగా ఇస్తే, నీ ఒళ్లు నాకు అప్పగించు, దెబ్బ తగలనివ్వను అని అర్థం."

"మరి నేను కుస్తీ పట్టను కదా, నాకెందుకిచ్చాడు?"

"నువ్వే అడుగు."

తర్వాతి వారం వెళ్లి అడిగాను. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే, అందుకే కలిసి నడిచాయి. "మీ అమ్మాయి మెడ నా చేతుల్లో ఉంది అంకుల్. ఆ మాట మీకు చెప్పాలి కదా" అన్నారు. నాకంటే ఆయన నాలుగేళ్లే చిన్న, అయినా మొదటి నుంచీ నన్ను అంకుల్ అనే పిలిచారు. ఆ మాట విన్నాక కూడా నాకు పూర్తి నమ్మకం కుదరలేదని ఒప్పుకోవాలి. కన్న బిడ్డ మెడ మరి.

ఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారనీ, చూసేవాళ్లకు నిజంలా కనిపించేట్టు ఆడతారనీ అమ్మాయి నాకు నూరుసార్లు చెప్పింది. తలకెక్కిందనే అనుకున్నాను. మొదటి ఆట రోజు అమ్మాయి వెండిరంగు బట్టల్లో రింగెక్కింది. మాస్టారు అవతలి పిల్ల తరఫున విలన్‌గా వచ్చారు. వస్తూనే మా అమ్మాయి జుట్టు పట్టుకుని తాళ్లకేసి విసిరారు. అంతే, నా బుర్ర పని చెయ్యలేదు. నా వయసేమిటో, ఎక్కడున్నానో మర్చిపోయాను. గొడుగు పట్టుకుని రింగెక్కేశాను. ఆయన వీపు మీద రెండు వేశాను.

హాలు హోరెత్తిపోయింది. అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మాస్టారు మోకాళ్ల మీద కూలబడి, బాధతో మెలికలు తిరుగుతూ నా చెవి దగ్గర మెల్లిగా అన్నారు, "ఇంకొకటి వెయ్యండి అంకుల్. జనానికి నచ్చింది."

ఇంటికొచ్చాక అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం, "మూడోది ఎయ్యకుండా ఎందుకొచ్చీసినావు?" అంది. మూడో రోజున మాస్టారు సూపు డబ్బాతో మా ఇంటికి వచ్చారు. ఆ రోజే మొదటిసారి రావడం. నేను తల దించుకుని క్షమాపణ చెప్పబోతే ఆయన అడ్డుపడ్డారు. "నన్ను ఒక పెద్దాయన గొడుగుతో కొట్టి ముప్పై ఏళ్లయింది అంకుల్. మా ఊరికి పోయి వచ్చినట్టుంది" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నటన కాదు. అప్పటికి నాకు ఆ తేడా కొంచెం తెలుస్తోంది.

ఆ పూట మా ఆవిడ అరటికాయ ఆవపెట్టి చేసింది. ఆయన ఒక ముద్ద తిని, కంచం వంక చూస్తూ ఆగిపోయారు. వాళ్ల అమ్మ పొద్దున్నే అరటికాయ ఉడకబెట్టి మెత్తగా మెదిపి, పైన ఉల్లిపాయలు వేసి పెట్టేదట. "ఆవాలు మాత్రం మా అమ్మకు తెలియవు. తెలిసుంటే వేసేది" అన్నారు. బుధవారం భోజనాలు అలా మొదలయ్యాయి.

నాకు గంట కొట్టే పని ఇచ్చిందీ ఆయనే. "మీరు కుర్చీలో కుదురుగా కూర్చోలేరు. గంట దగ్గర కూర్చోండి, చేతికి పని ఉంటుంది" అన్నారు. చెక్కకు బిగించిన ఇత్తడి గంట, పక్కన చిన్న సుత్తి. ఆట మొదలైతే ఒకటి, అయిపోతే మూడు. కొట్టిన వెంటనే గంట మీద అరచెయ్యి ఆనించి మోత ఆపాలి. ఇంకొకటి మాత్రం వేలు చూపించి మరీ చెప్పారు. రిఫరీ రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడంటే, నిజంగానే ఎవరికో దెబ్బ తగిలిందని గుర్తు. ఆ క్షణమే ఆట ఆగిపోయేలా గంట కొట్టాలి. "అప్పుడు మీ కళ్లు ఎటూ పోకూడదు అంకుల్. అందుకే ఒక తండ్రిని కూర్చోబెడుతున్నాను."

నాలుగేళ్లు కొట్టాను. ముప్పై ఏళ్ల యార్డు పనిలో నాకు అంత గర్వం ఎప్పుడూ లేదు.

పిల్లలకు ఆయన మొదటి మూడు నెలలూ పడటమే నేర్పేవారు. "గడ్డం గుండెకి" అన్నది ఆయన మంత్రం. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనిస్తే తల నేలకు కొట్టుకోదు. బుధవారాలు వినీ వినీ మా ఆవిడకూ అది నోటికి వచ్చేసింది. ఒకసారి మార్కెట్లో తడి నేల మీద వెల్లకిలా జారిపడింది. జనం మూగారు. లేచి చీర దులుపుకుని, "గడ్డం గుండెకి ఎట్టీసినాను, ఏటీ కాలేదు" అని తెలుగులోనే వాళ్లందరికీ చెప్పి కూరలు కొనుక్కుంది. ఇది విని మాస్టారు లేచి ఆవిడకు తన మెత్తని షేక్‌హ్యాండ్ ఇచ్చారు. అప్పటిదాకా ఎవరికీ చెయ్యి కలపని మనిషి, కొంగుకు తుడుచుకుని మరీ ఇచ్చింది.

ఇక రాయడానికి కష్టమైనది రాయాలి.

పోయిన ఏడు ఒక ఆటలో అమ్మాయి రింగు మూల పై తాడు మీదికి ఎక్కింది. అక్కణ్ణించి ముందుకు దూకాలి. పాదం జారింది. తలకిందులుగా బయటి నేల మీదికి పడబోయింది. మాస్టారు కిందే విలన్ వేషంలో తిరుగుతున్నారు. ఆ వయసులో ఎలా పరిగెత్తారో, అమ్మాయి కిందికి తన భుజం పెట్టేశారు. ఇద్దరూ కుప్పగా పడ్డారు. జనం ఈలలు వేశారు. విలన్ పడ్డాడు కదా.

నేనూ నవ్వాను. చప్పట్లు కొట్టాను. ఇదంతా ఆటే అని నాలుగేళ్లుగా నేర్చుకున్నవాణ్ణి, నాకు అంతా తెలుసనుకున్నాను. "లెండి మాస్టారూ, చాలు లెండి" అని అరిచాను కూడా. అమ్మాయి లేచింది. ఆయన లేవలేదు. రిఫరీ చేతులు తల మీద అడ్డంగా పెట్టి నా వైపే చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో నాకు తెలియదు. అమ్మాయి "నాన్నా, గంట" అని కేక పెడితే గానీ నా చెయ్యి కదల్లేదు.

మొదటిసారి ఆటను నిజమనుకున్నాను. ఈసారి నిజాన్ని ఆట అనుకున్నాను. మొదటి దానికి నవ్వుకోవచ్చు.

అమ్మాయి మెడకు గీత పడలేదు. ఆయన కుడి భుజం విరిగింది. నయమైంది గానీ ఆ చెయ్యి మళ్లీ తల దాటి పైకి లేవలేదు. నేను సుత్తి వేరేవాళ్లకు ఇచ్చేశాను. ఆటలకు వెళ్లడం మానేశాను. అమ్మాయి ఏమీ అనలేదు, కానీ ఆ రోజు సంగతి మా మధ్య ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే నాకు ముల్లులా ఉండేది. మాస్టారు మాత్రం ఎప్పటిలా బుధవారాలు వచ్చేవారు, ఎడమ చేత్తో తినేవారు. గంట ఊసు ఎత్తేవారు కాదు.

ఎనిమిది నెలలకు ఎత్తారు. పోయే ముందు వారం, భోజనం అయ్యాక. "వచ్చే వారం శనివారం ఆట ఉంది. గంట మీరే కొట్టాలి."

"నా వల్ల కాదు మాస్టారూ. మీరు కింద పడి ఉంటే నవ్వినవాణ్ణి."

ఆయన నీళ్ల గ్లాసు పక్కకు జరిపారు. "నలభై ఏళ్లు విలన్‌గా పడ్డాను అంకుల్. నేను పడితే అందరూ ఈలలు వేస్తారు. అది నా పని. ఆ రోజు కూడా వేశారు. అందులో ఒక్క గొంతు మాత్రం లే, లే అంటోంది. నలభై ఏళ్లలో నన్ను లెమ్మన్నవాడు మీరొక్కరే. అది పట్టుకునే నేను నొప్పి ఓర్చుకున్నాను."

మా ఆవిడ లోపల్నించి, "కొడతాడులెండి, నాను తోలుకొస్తాను" అంది. సరేనన్నాను.

ఆ శనివారం రాకముందే, మంగళవారం ఆయన పోయారు. ఆట మానేద్దామని పిల్లలు అనుకున్నారట. మాస్టారి భార్య వద్దన్నారు. "ఆయన ఒక్క ఆటా మానలేదు" అన్నారట.

శనివారం మా ఆవిడ తోలుకొచ్చింది. హాలు నిండా జనం. ఆ ముందు రోజే పిల్లలంతా కూర్చుని, ఇకమీదట గోడౌన్‌లో నేర్పే పని మా అమ్మాయికి అప్పగించారు. నా బిడ్డ, నాకు చెప్పకుండా వెళ్లి చేరిన పిల్ల, ఇప్పుడు ఆయన నిలబడే చోట నిలబడుతుంది. ఈ సంతోషం ఆయనకు చెప్పుకోవాలని ఉంది, అదొక్కటే వెలితి. కుస్తీవాళ్లలో ఎవరైనా పోతే రింగు చుట్టూ అందరూ నిలబడతారు, గంట పదిసార్లు కొడతారు. అది ఆచారం. రింగులో దీపం వెలుగు కింద ఆయన బూట్లు పెట్టారు. పక్కన చేపల సూపు డబ్బా, మా ఆవిడ పెట్టిన ఒక అరటికాయ. ఆ కాయను చూసి ఎవరూ నవ్వలేదు.

సుత్తి తీసుకున్నాను. ఎటూ చూడకుండా, బూట్ల వంకే చూస్తూ కొట్టాను. కొట్టిన ప్రతిసారీ ఆయన నేర్పినట్టే అరచెయ్యి ఆనించి మోత ఆపాను. పదోసారి ఆపలేదు. మోత హాలంతా తిరిగి తిరిగి దానంతటదే సన్నగిల్లింది.

అమ్మాయి రింగు దిగి నా దగ్గరికి వచ్చింది. కౌగిలించుకుంటుందనుకున్నాను. చెయ్యి చాపింది. నేనూ చాపాను. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ ఇవ్వని ఆ షేక్‌హ్యాండ్ ఇచ్చింది. అంత బలమున్న పిల్ల చెయ్యి, నా చేతిలో అప్పుడే కళ్లు తెరిచిన పిచ్చుకపిల్లలా, బరువే లేకుండా వాలింది. నేను నొక్కలేదు.